గిఫ్ట్‌గా టెంట్: పెద్దది కొనాలా, వానకి నిలిచేది కొనాలా?

వానకోయిల:
మా తమ్ముడు కొత్తగా ట్రెక్కింగ్ మొదలుపెట్టాడు. పుట్టినరోజుకి టెంట్ ఇద్దామనుకుంటున్నా, బడ్జెట్ తక్కువే. ఇంచుమించు ఒకే ధరలో రెండు చూశాను. ఒకటి నలుగురు పట్టే పాప్-అప్ టెంట్, విసిరితే దానంతటదే తెరుచుకుంటుంది, ఒకటే పొర, 3000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ అని రాసుంది. రెండోది ఇద్దరికే, లోపల జాలీ, పైన విడిగా రెయిన్‌ఫ్లై, అంటే వానకి అడ్డుగా కప్పే పై పొర, 2000 మి.మీ. అంకె చూస్తే మొదటిదే మేలు కదా, పైగా పెద్దది. ఇంట్లో అందరూ అదే తీసుకోమంటున్నారు. మీరేమంటారు?

గాలివాటం:
పాప్-అప్పే తీసుకోండి. కొత్తవాళ్లు చీకటి పడే వేళకి చేరుకుని పోల్స్ ఎటు దూర్చాలో తెలీక తంటాలు పడతారు. వేయడం కష్టమనిపించిన టెంట్ రెండోసారి సంచీలోంచి బయటికి రాదు. గిఫ్ట్ అన్నది వాడుకునేలా ఉండాలి.

కొండదారి:
నేను ఒప్పుకోను. ముందు ఆ అంకె సంగతి. 3000 మి.మీ. అంటే ఆ బట్ట మీద అంత ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి పెట్టినా చుక్కలు ఇవతలికి రావని. అది బట్ట ముక్కకి చేసిన పరీక్ష, మొత్తం టెంట్‌కి కాదు. మామూలు వానకి పై బట్ట 2000 ఉంటే సరిపోతుంది, ఇంకా తక్కువ అంకెతో బాగా పనిచేసే టెంట్లు కూడా ఉన్నాయి. నీళ్లు వచ్చేది బట్టలోంచి కాదండీ, కుట్లలోంచి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రమే కదా. రెయిన్‌ఫ్లైని తిరగేసి చూడండి, కుట్టు వెంట సన్నటి పారదర్శకమైన టేపు వేడితో అతికించి ఉండాలి. గోటితో అంచుని మెల్లగా గీకితే లేచి వచ్చే టేపైతే దాన్ని నమ్మకండి.

తర్వాత నేల. పడుకున్నప్పుడు మోచెయ్యి, మోకాలు ఆనే చోట ఒత్తిడి వానకంటే చాలా ఎక్కువ, అందుకే నేల గుడ్డకి అంకె పెద్దదిగా ఉంటే మంచిది, నాలుగు పక్కలా జానెడైనా పైకి లేచి ఉండాలి. రెయిన్‌ఫ్లై దాదాపు నేల దాకా దిగాలి. తలమీద టోపీలా పైవరకే ఉండేది ఏటవాలు వానకి పనికిరాదు.

ఒకే పొర టెంట్‌లో ఇంకో బాధ. మనం వదిలే ఊపిరిలోని తేమంతా రాత్రి చల్లబడ్డ బట్టకి తగిలి నీళ్లవుతుంది. తెల్లారేసరికి లోపలి గోడంతా చెమ్మ, స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల వైపు తడిసిపోతుంది. చాలామంది టెంట్ కారిందనుకుని తిట్టుకుంటారు, అసలు కారనే లేదు.

గాలివాటం:
చెమ్మ రెండు పొరల దాంట్లోనూ పడుతుంది, రాదన్నట్టు చెప్పకండి. ఇంకోటి, ఈ ధరలో దేనికైనా ఫైబర్‌గ్లాస్ పోల్సే వస్తాయి. గాలి గట్టిగా వీస్తే రెండూ ఒకటే.

పాతబూట్లు:
మీ ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. పాప్-అప్ మడిస్తే వెడల్పాటి గుండ్రటి పళ్లెంలా అవుతుంది, బ్యాగ్‌లో పట్టదు, వీపుకి కట్టుకుంటే నడిచేవాడికి ప్రతి కొమ్మా తగులుతుంది. కారు పక్కన వేసుకునేవాళ్లకి అది బాగుంటుంది గానీ ట్రెక్కింగ్ చేసేవాడికి కాదు. నన్నడిగితే అసలు టెంట్ కొనకుండా డబ్బులిచ్చేయమంటాను. ఎంత బరువు మోయగలడో, ఒక్కడే వెళ్తాడో, తోడుంటారో అతనికే తెలుసు.

కొండదారి:
గాలివాటం గారూ, చెమ్మ పట్టే మాట నిజమే. కానీ రెండు పొరలైతే అది బయటి పొరకి పడుతుంది, లోపలి పొర అడ్డు ఉంటుంది కాబట్టి మనకి తగలదు, జారి కిందికి పోతుంది. పైన గాలి కిటికీ ఉంటే, దాన్ని వానలో కూడా తెరిచి ఉంచగలిగితే ఇంకా తగ్గుతుంది. ఫైబర్‌గ్లాస్ గురించి మీరన్నది సబబే, అల్యూమినియం అంత గట్టిది కాదు, విరిగితే నిలువునా చీలి పీచులు చేతికి గుచ్చుకుంటాయి. అందుకే విరిగిన చోట తొడిగే చిన్న లోహపు గొట్టం, నాలుగు మంచి మేకులు కూడా ఆ గిఫ్ట్‌లో పెట్టమంటాను. చవక టెంట్‌తో వచ్చే మేకులు గట్టి నేలలో వంగిపోతాయి, తాళ్లు బిగించకపోతే ఎంత మంచి రెయిన్‌ఫ్లై అయినా లోపలి పొరకి అతుక్కుని నీళ్లు లోపలికి దించుతుంది.

పాతబూట్లు గారి మాటకి సగమే ఒప్పుకుంటా. డబ్బులిస్తే అవి ఎటో ఖర్చయిపోతాయి. కొనివ్వండి, బిల్లు కూడా ఇవ్వండి, మార్చుకునే గడువు దాటకముందే ఇంటి దగ్గర ఒకసారి వేసి పైపుతో నీళ్లు కొట్టి చూడమనండి. ఇద్దరి టెంట్ అంటే ఇద్దరు భుజాలు ఆనించుకుని పడుకునేంతే, బ్యాగులు తలుపు ముందు రెయిన్‌ఫ్లై కింద పెట్టుకోవాలి. అది ముందే చెప్పండి. ఇంకా ముఖ్యం, తడి టెంట్‌ని మడిచి అలాగే నెలల తరబడి ఉంచితే బట్ట లోపలివైపు నీళ్లు దిగకుండా వేసే పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ జిగటగా మారి, కంపుకొట్టి, పొరలు పొరలుగా ఊడిపోతుంది. అప్పుడు లేబుల్ మీద ఎంత అంకె ఉన్నా ఒకటే.

గాలివాటం:
వీపు మీద మోసే మాటైతే సరే, పాప్-అప్ వద్దు. కానీ మొదటిసారి పగటిపూటే వేసి నేర్చుకోమనండి.

వానకోయిల:
షాపుకి వెళ్లి రెండోదాన్ని తిరగేసి చూశాను. రెయిన్‌ఫ్లై కుట్లన్నిటికీ టేపు ఉంది, నేల గుడ్డ మూలల్లో మాత్రం లేదు. అయినా కొనొచ్చా?

కొండదారి:
కొనండి. పీయూ కోటింగ్ బట్టకి పనిచేసే సీమ్ సీలర్, అంటే కుట్ల రంధ్రాలు మూసే జిగురు, ఒక ట్యూబు కూడా తీసుకోండి, సిలికాన్ బట్టకి వాడేది దీనికి సరిగ్గా పట్టదు. మూలల కుట్ల మీద బ్రష్‌తో పల్చగా పూసి, రాత్రంతా ఆరాకే మడవండి.