సర్పంచ్ డిజిటల్ కీ భర్త చేతిలో ఉంది, మార్పించడం ఎలా?

చిత్తూరు జిల్లాలో మహిళకు రిజర్వయిన చిన్న పంచాయతీ. సర్పంచ్ గారు పది చదివారు, ఖాతా పుస్తకాలు బాగానే చదువుతారు. చిక్కంతా సంతకం దగ్గరే. పంచాయతీ చెల్లింపులు జరిగే ప్రభుత్వ పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కార్యదర్శి వోచర్ పెడతారు (మేకర్), సర్పంచ్ ఆమోదిస్తేనే (చెకర్) డబ్బు కదులుతుంది. ఆ ఆమోదానికి వాడే డిజిటల్ సంతకం (డిజిటల్ కీ) పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. ఆ టోకెన్, దాని పిన్ రెండూ ఆమె భర్త దగ్గరున్నాయి. ఓటీపీ కూడా ఆయన ఫోన్‌కే. బిల్లు పాసయ్యాక ఆమెకు తెలుస్తుంది, ఒక్కోసారి అదీ లేదు.

ఇప్పటిదాకా చేసినవి: టోకెన్ ఇచ్చేయమని ఇంట్లోనే అడిగారు, కుదరలేదు. కార్యదర్శికి రాసిచ్చారు, "మీ ఇంటి వ్యవహారం కదమ్మా" అన్నారు. సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ పెడితే మూడు వారాలకు "పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది, ఆ మెసేజ్ కూడా భర్త నంబరుకే! తప్పు పిన్ పదేపదే కొట్టి టోకెన్ లాక్ చేయమని ఒకరు చెప్పారు గానీ, అలా చేస్తే కూలీల బిల్లులు ఆగిపోతాయని వదిలేశాం.

టోకెన్‌లోని డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఆమె పేరు మీదే ఉంది కాబట్టి, ఇచ్చిన సంస్థకు ఆమే రాసి రద్దు చేయించవచ్చు. కొత్తదానికి వీడియో ధ్రువీకరణ ఉంటుంది, అందులో ఆమే కనబడాలి. అక్కడివరకు దారి తెలుసు. ఆ తర్వాతే ఆగిపోతున్నాం.

పోర్టల్‌లో చెకర్ పాత కీ, మొబైల్ నంబరు తీయించి, సర్పంచ్ సొంత నంబరుతో కొత్త కీ నమోదు చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ మార్పు ఏ అధికారి లాగిన్‌లో జరిగిందో చెబుతారా?