టీ, చక్కెర: వ్యసనం దేనిది, హాని దేనిది?

ప్రతిపాదన

కాఫీ, టీ, చక్కెర మూడింటినీ పొగాకు సరసన చేర్చి చూడాలని నా అభిప్రాయం. ఏకాదశి ఉపవాసం నాడు టీ కూడా ముట్టను. సాయంత్రానికల్లా తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. మా అబ్బాయికి తీపి లేనిదే ముద్ద దిగదు. ఇది వ్యసనం కాక మరేమిటి?

ప్రత్యుత్తరం

అమ్మా, మీ రెండు అనుభవాలూ నిజమే గానీ, రెండింటికీ ఒకే పేరు పెట్టడం సరికాదు. మీ తలనొప్పికి ఆకలి ఒక్కటే కారణం కాకపోవచ్చు. మెదడుకు అలసటను తెలియజేసే అడినోసిన్ వచ్చి చేరవలసిన చోట్లను టీ, కాఫీలలో ఉండే కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. రోజూ తాగేవారి మెదడు ఈ ఏర్పాటుకు అలవాటు పడిపోతుంది కనుక, మానిన 12 నుంచి 24 గంటలలో తలనొప్పి, చిరాకు, మందకొడితనం మొదలై, సాధారణంగా తొమ్మిది రోజుల లోపే తగ్గిపోతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం ఈ లక్షణాలను గుర్తించింది. కెఫీన్ వ్యసనాన్ని మాత్రం ఇంకా పరిశోధించవలసిన అంశాల కింద ఉంచింది. శరీరం అలవాటు పడటం వేరు, ఇల్లు గుల్లవుతున్నా మానలేకపోవడం వేరు.

చక్కెర విషయం దాదాపు తలకిందులు. అది వ్యసనమని ఆ గ్రంథం చెప్పలేదు, కానీ హాని దానిదే ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుగు కప్పులు తాగినా ఆ హద్దు లోపలే ఉంటాము. కప్పుకు రెండు చిన్న చెంచాల చొప్పున పడే చక్కెర మాత్రం 32 గ్రాములవుతుంది. రోజుకు సుమారు 25 గ్రాముల లోపైతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మనల్ని కప్పు దగ్గరికి పిలిచేది కెఫీన్. ఆ పిలుపు వెంట లోపలికి చేరేది చక్కెర.

ప్రతిపాదకురాలి సందేహం

ఎలుకలు చక్కెరకు బానిసలయ్యాయని చదివాను. దానికేమంటారు?

ప్రత్యుత్తరం

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రయోగాలలో ఎలుకలను రోజుకు 12 గంటలు పస్తుంచి, ఆ తరువాతే చక్కెర నీళ్లు, మేత ఇచ్చారు. అటువంటి ఎలుకలే ఎగబడి తాగాయి. చక్కెర ఎప్పుడూ అందుబాటులో ఉన్నవి అలా చేయలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మీ అబ్బాయికి అన్వయించడం న్యాయం కాదు. రోజుకు అరచెంచా చొప్పున తగ్గిస్తూ వస్తే పిల్లల నాలుక కొన్ని వారాలలో సర్దుకుంటుందని నా నమ్మకం.

నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి ఉంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే, అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పులలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు అనేకం. అయినా భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ వద్దని అదే పోషకాహార సంస్థ చెప్పిన మాటను, వ్యసనమా కాదా అన్న వాదన తేలేదాకా ఆగకుండా, మీరు ఈ పూట నుంచే పాటించవచ్చు.