ఎక్స్ఛేంజర్లో మడ్డి ఎప్పుడు పట్టేస్తుందో లెక్క ముందే చెప్పగలదా?

షిఫ్ట్‌బాబు: మా రిఫైనరీ యూనిట్ సంగతి, పేరు అడక్కండి. ఫర్నేస్‌లోకి 265 డిగ్రీలతో వెళ్లే క్రూడ్ (ముడి చమురు) ఆరు వారాల్లో 251కి పడిపోయింది. క్రూడ్‌ని ఫర్నేస్ ముందు వేడెక్కించే వరసలో చివరి ఎక్స్ఛేంజర్‌ని సంక్రాంతి దాకా కడగక్కర్లేదని సాఫ్ట్‌వేర్ మాత్రం చూపిస్తూనే ఉంది. బండిల్ (లోపలి ట్యూబుల కట్ట) లాగి చూస్తే కొన్ని ట్యూబుల్లో పెన్సిల్ కూడా దూరలేదు. ఈ అంచనా మోడళ్లకు డబ్బు పెట్టడం శుద్ధ దండగ. కాదనేవాళ్లు రండి.

లెక్కలమాస్టర్: అంత మాట అనకండి. మీ సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది బహుశా ఎబర్ట్, పంచాల్ అనే పరిశోధకులు 1995లో చెప్పిన సూత్రమే. ట్యూబు గోడ దగ్గర వేడి పెరిగితే పొర పడుతుంది, క్రూడ్ జోరుగా పారితే ఆ ఒరిపిడి పొరను నిలవనివ్వదు. రెండూ సరిపోయే గీత ఒకటుంది, దానికి ఇవతల ఉంటే మడ్డి పట్టదు. అంతకుముందు ఏం చేసేవాళ్లు? టెమా (ఎక్స్ఛేంజర్ తయారీదారుల సంఘం) పట్టికలో మడ్డికి ఇంత అని ఒక అంకె చూసి, ఆ మేరకు ఎక్స్ఛేంజర్ పెద్దది కట్టేవాళ్లు. పెద్దదైతే లోపల వేగం తగ్గుతుంది, మడ్డి ఇంకా తొందరగా పడుతుంది! దొంగ వస్తాడని తలుపు ఇంకాస్త వెడల్పు చేయించుకున్నట్టు.

షిఫ్ట్‌బాబు: బాగుంది మాస్టారూ. మరి ఆ సూత్రంలో క్రూడ్ ఎక్కడ? అందులో స్థిరాంకాలన్నీ ఏదో ఒక క్రూడ్ మీద సరిపెట్టినవే కదా. 2022 తర్వాత రష్యా సరుకు ఎంత వచ్చిందో తెలుసుగా, మా ట్యాంకులో వారానికో రకం.

ల్యాబక్క: అసలు కథ అక్కడే ఉంది. అస్ఫాల్టీన్లు (క్రూడ్‌లోని బాగా బరువైన నల్లటి భాగం) టొల్యూన్‌లో కరుగుతాయి, హెప్టేన్‌లో విడిపోతాయి. దేనికది బుద్ధిగా ఉండే రెండు క్రూడ్‌లు కలిపితే పాలు విరిగినట్టు విరగొచ్చు. కలిపే వరస కూడా ముఖ్యమే. బరువు క్రూడ్‌లో తేలికది కొంచెం కొంచెం పోయాలి. తేలికదాని మీద బరువుది పోస్తే, మొదట్లో కొద్దిపాటి అస్ఫాల్టీన్ బోలెడంత హెప్టేన్ లాంటి పారాఫిన్‌లో చిక్కుకుని విరుగుతుంది. చివరి పాళ్లు సరిగ్గానే ఉన్నా, విరిగింది అంత తేలిగ్గా మళ్లీ కరగదు. బాబూ, మీరెలా కలిపారు?

షిఫ్ట్‌బాబు: తేలికది ట్యాంకులో సగం ముందే ఉంది అక్కా. బరువుది పైన పోశాం.

ల్యాబక్క: 🙂

గొట్టాలరావు: మీరంతా మీటర్లను నమ్మి మాట్లాడుతున్నారు. క్రూడ్ 20 డిగ్రీలు వేడెక్కే ఎక్స్ఛేంజర్లో ఒక్క థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 2 డిగ్రీలు తప్పు చూపించిందంటే, ఎక్కిన వేడి లెక్కలో 10 శాతం తేడా. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను, దాన్ని దించే గొట్టం, అంటే థర్మోవెల్‌లో అడుగుదాకా దిగని థర్మోకపుల్స్ ఎన్నో. ఆ డేటా తిన్న మోడల్, పాతదైనా ఇప్పుడందరూ చెప్పే మెషీన్ లెర్నింగైనా, ఏం చెబుతుంది?

లెక్కలమాస్టర్: రావు గారి మాట కాదనను. క్రూడ్ మారితే స్థిరాంకాలు మళ్లీ సరిపెట్టాలి, అదీ నిజమే. కానీ ఒక లెక్క చూడండి. గంటకు 1000 టన్నులు నడిపే యూనిట్లో ప్రీహీట్ (ఫర్నేస్‌కి ముందే క్రూడ్‌కి ఎక్కే వేడి) ఒక్క డిగ్రీ తగ్గితే ఫర్నేస్‌లో గంటకు సుమారు 75 కిలోల ఇంధనం అదనం. బాబు గారి 14 డిగ్రీలకు రోజుకు 25 టన్నులు! మోడల్ తేదీ చెప్పకపోయినా, ఏ బండిల్ ముందు కడిగితే ఎక్కువ డిగ్రీలు తిరిగొస్తాయో చెబితే లైసెన్సు డబ్బు వారంలో వచ్చేస్తుంది.

షిఫ్ట్‌బాబు: వరస చెబుతుందంటే ఒప్పుకుంటా. తేదీ విషయంలో మాత్రం నా మాట నాదే, సంక్రాంతి అని చెప్పింది దసరాకే మొరాయించింది. రావు బాబాయ్, ఎల్లుండి నైట్ షిఫ్ట్‌లో ఆ రెండు థర్మోవెల్స్ విప్పి చూస్తాను. అక్కా, ట్యాంకు శాంపిల్ ఒకటి పంపనా?

ల్యాబక్క: ఒకటి కాదు, పైన, మధ్య, అడుగు మూడూ. అడుగుది వేరే సీసాలో.