గాలిదుమారం పోయాక కాలిన ఫ్రిజ్‌కు బాధ్యులెవరు?

హన్మకొండ నివాసి (చర్చ ప్రారంభించినవారు):
మే చివరి వారంలో ఒక సాయంత్రం ఆరింటికి వచ్చిన గాలిదుమారానికి మా వాడకట్టులోని వేపచెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడింది, కరెంటు పోయింది. అంతవరకు ఎవరి తప్పూ లేదని ముందే ఒప్పుకుంటున్నాను. రాత్రి పదిన్నరకు సరఫరా ఇచ్చారు. ఇచ్చిన రెండు నిమిషాల్లోనే మా ఇంట్లో బల్బులు కళ్ళు చెదిరేలా వెలిగాయి, ఫ్రిజ్ వెనక నుంచి మాడిన వాసన వచ్చింది, నేను చీకట్లో తడుముకుంటూ వెళ్ళి మెయిన్ దించేలోపే టీవీ, ఇన్వర్టరు కూడా పోయాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మరో పది ఇళ్ళలో ఏదో ఒక వస్తువు కాలింది. విచిత్రమేమిటంటే, ఎదురింటివారికి మాత్రం అదే సమయంలో ఫ్యాను కూడా తిరగనంత తక్కువ కరెంటు వచ్చిందట.

మరునాడు విద్యుత్ కార్యాలయానికి వెళ్ళి అడిగితే ప్రకృతి వైపరీత్యానికి తామేమి చేయగలమన్నారు. నా వాదన ఒక్కటే. కొమ్మను విరిచింది గాలి, తీగను తెంచింది గాలి. కాని గాలి వచ్చిన నాలుగున్నర గంటల తర్వాత కాలిన ఫ్రిజ్‌ను కూడా గాలి ఖాతాలోనే రాయడం న్యాయమా? భిన్నాభిప్రాయం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, కాజీపేట:
ముందు జరిగిందేమిటో తెలుసుకుంటే బాధ్యత సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఉమ్మడి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగిందనో, దాని జంపర్ (తీగలను కలిపే ముక్క) ఊడిందనో చెబుతున్నాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టుల సరఫరాను తగ్గించి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్‌గా పంచుతుంది. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ నడుమ 230 వోల్టులు, రెండు ఫేజుల నడుమ సుమారు 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ తెగిన క్షణం నుంచి వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి ఆ 400 వోల్టులను పంచుకోవడం మొదలుపెడతాయి. ఆ పంపకం వాడకానికి తలకిందులుగా జరుగుతుంది. లెక్క తేలిక కోసం రెండే ఇళ్ళు అనుకుందాం. ఒక ఇంట్లో 2000 వాట్ల సామాను, మరొక ఇంట్లో 200 వాట్ల సామాను నడుస్తుంటే, మొదటి ఇంటికి దాదాపు 36 వోల్టులు, రెండో ఇంటికి దాదాపు 364 వోల్టులు అందుతాయి. ఎక్కువ వాడే ఇల్లు మసకబారుతుంది, పొదుపుగా వాడే ఇల్లు కాలుతుంది. మీ ఇంట్లో మంటకూ ఎదురింట్లో మసకకూ కారణం ఒకటే.

అనుమతించిన హద్దు 230 వోల్టులకు కొద్ది శాతం అటూ ఇటూ మాత్రమే. దాన్ని దాటితే సరఫరాలో లోపమున్నట్టే. అయితే ఇంటివాళ్ళకు ఏ బాధ్యతా లేదంటే నేను ఒప్పుకోను. లక్ష రూపాయల సామాను కొని, వోల్టేజ్ హద్దు దాటితే దానంతటదే సరఫరాను ఆపే చిన్న పరికరాన్ని మీటరు పక్కన పెట్టించని ఇళ్ళే మన ఊళ్ళలో ఎక్కువ.

వైరింగ్ పనిచేసే వ్యక్తి, నర్సంపేట:
సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. చాలామంది ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఎంసీబీ ఎక్కువ కరెంటు పారినప్పుడు, షార్ట్ అయినప్పుడు పడుతుంది. 360 వోల్టులు వచ్చాయని అది పడదు. పిడుగుల కోసం పెట్టే సర్జ్ పరికరం క్షణంలో వచ్చిపోయే దెబ్బనే కాస్తుంది, నిమిషాలపాటు నిలిచే హై వోల్టేజ్ వస్తే అది కూడా మాడిపోతుంది. అందుకే హై, లో రెండింటికీ కట్ అయ్యేది విడిగా ఉండాలి. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇళ్ళవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే స్తంభం నుంచి వారి ఇంటికి వచ్చే ఒక్క సర్వీసు వైరులో న్యూట్రల్ ఊడినా ఇంట్లోనే ఈ గొడవంతా జరుగుతుంది. సింగిల్ ఫేజు ఇంటికి సర్వీసు న్యూట్రల్ ఒక్కటే తెగితే సామాను ఆగిపోతుంది తప్ప కాలదు.

ఇంకొకటి ఉంది, చెబితే ఊరివాళ్ళకు కోపం వస్తుంది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగకుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్ దించి తామే ఫ్యూజు తీగ వేసుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉన్నారు. ఆ రాత్రి హన్మకొండలో ఫ్యూజు వేసిందెవరో ముందు తేల్చుకోండి.

క్షేత్రస్థాయి సిబ్బందిలో ఒకరు, ములుగు జిల్లా:
నేను స్తంభాలెక్కే ఉద్యోగిని కాబట్టి ఈ చర్చలో నా వైపు ఎవరూ మాట్లాడరని తెలుసు. 2024 ఆగస్టు 31న మా తాడ్వాయి అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు నేలకూలాయి. అంతటిది కాకపోయినా, ప్రతి ఎండాకాలం చివర్లో ఒకే రాత్రి ఐదారు ఊళ్ళలో తీగలు తెగే రోజులుంటాయి. వానలో, టార్చి వెలుతురులో, ఇద్దరం మనుషులం. ఫోను మాత్రం ఆగదు. "అన్నా, పక్క వీధికి వచ్చింది, మాకెందుకు రాలేదు" అని పదిమంది అడుగుతుంటే, ప్రతి స్తంభం మీద ప్రతి జంపరూ చూసి, చివరి ఇంటి దగ్గర వోల్టేజ్ కొలిచి, ఆ తర్వాతే సరఫరా ఇవ్వడం కాగితం మీద సులభం. అలా చూడాల్సిందేనని నేనూ అంటాను. కాని తొందరపెట్టిన వాడకట్టే తెల్లారి నష్టపరిహారం అడిగితే మనసుకు కష్టంగా ఉంటుంది.

హన్మకొండ నివాసి:
ములుగు అన్న మాటలో న్యాయముంది. ఆ రాత్రి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు నాలుగుసార్లు ఫోను చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫ్యూజు విషయం విచారించాను. వేసింది సిబ్బందే, మా వీధివారు ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళలేదు. నేను ఆ ఇద్దరు మనుషుల జీతంలోంచి డబ్బు అడగడం లేదు. ఇద్దరినే పంపి, చూసుకునే వ్యవధి లేకుండా చేసిన సంస్థను అడుగుతున్నాను.

న్యాయవాది, వరంగల్:
ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపి మాట్లాడుతున్నారు. విద్యుత్ చట్టం 2003లోని 57వ సెక్షన్ ప్రకారం సేవా ప్రమాణాలు తప్పితే వినియోగదారుకు పరిహారం ఉంటుంది. 42వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. తుఫాను, వరద అన్న వాదన ప్రధానంగా ఆ ప్రమాణాల దగ్గర వినిపిస్తుంది, అంటే సరఫరా ఆలస్యమైనందుకు పరిహారం అడిగినప్పుడు. మీరు అడుగుతున్నది ఆలస్యం గురించి కాదు. లోపమున్న సరఫరా ఇచ్చినందువల్ల జరిగిన ఆస్తి నష్టం గురించి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో "సేవ" అన్న మాటకిచ్చిన నిర్వచనంలో విద్యుత్ సరఫరా కూడా ఉంది. నష్టం జరిగిన రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే రుసుము కూడా ఉండదు.

నర్సంపేట మిత్రుడు లేవనెత్తిన ఫ్యూజు సంగతికి 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును గుర్తు చేస్తాను. మధ్యప్రదేశ్‌లో వాననీరు నిలిచిన రోడ్డు మీద పడిన కరెంటు తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న వ్యక్తి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్ల అలా జరిగిందని అక్కడి విద్యుత్ బోర్డు వాదించింది. ప్రమాదకరమైన వస్తువును నడిపే సంస్థ మూడో మనిషి చేసిన పనిని చూపించి తప్పించుకోలేదని కోర్టు చెప్పింది.

విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, కాజీపేట:
ఆ తీర్పు ప్రాణం పోయిన కేసులో వచ్చింది. దాన్ని ఫ్రిజ్‌కు, టీవీకి అలాగే అన్వయిస్తారని నమ్మి కూర్చోవద్దు. పైగా "హై వోల్టేజ్ వచ్చింది" అంటే చాలదు, రుజువు కావాలి. పదకొండు ఇళ్ళలో ఒకే సమయానికి కాలడం, ఎదురింట్లో అదే సమయానికి మసకబారడం, ఈ రెండూ కలిపి చూపిస్తే లోపం మీటరుకు ఇవతల కాదు, అవతలే ఉందని తెలుస్తుంది. ఒక్కొక్కరు విడివిడిగా రాస్తే "మీ ఇంటి వైరింగ్ పాతది" అన్న ఒక్క వాక్యంతో పక్కన పెడతారు. ఆ పక్కన పెట్టే వాక్యాలు నా ఉద్యోగకాలంలో నేనూ రాశాను కాబట్టి చెబుతున్నాను. ఎదురింటివారికి నష్టం లేదు కదా అని వదిలేయకుండా వారి చేత కూడా సంతకం చేయించండి, ఈ కేసులో అందరికంటే విలువైన సాక్ష్యం వారిదే.

ఒక విషయంలో మాత్రం నేను మెత్తబడ్డాను. సరఫరా ఇచ్చే ముందు చివరి స్తంభం దగ్గర వోల్టేజ్ కొలవడానికి పట్టే సమయం పది నిమిషాలు. అది ఆ సంస్థ పనే, గాలిది కాదు.

వైరింగ్ పనిచేసే వ్యక్తి, నర్సంపేట:
కాలిన బోర్డులు పారేయకండి. రిపేరు చేసినవారి దగ్గర ఏ భాగం ఎందుకు పోయిందో బిల్లు మీదే రాయించుకోండి. కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు, వోల్టేజ్ వల్ల పోయినవాటికి సాధారణంగా ఇవ్వరు.

హన్మకొండ నివాసి:
పదకొండు ఇళ్ళ పట్టిక తయారైంది. ఎదురింటి ఆయన సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు, ముందు కాస్త నవ్వారు. సోమవారం అందరం కలిసి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుంటాం. పట్టికలో ఏడో ఇంటివారు రాయించిన మిక్సీని మాత్రం నేనే కొట్టేశాను, అది సంక్రాంతికే కాలిందని వాడకట్టంతటికీ తెలుసు.