సెట్టింగ్స్ డైలాగ్‌లో డిఫాల్ట్స్ బటన్ ఎక్కడ పెట్టాలి?

గోదారోడు:
క్యూటీ (విండోలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్)లో రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి చూసుకుంటున్నా. సెట్టింగ్స్ అడుగున ఓకే, డిఫాల్ట్స్ (అన్నీ మొదటి సెట్టింగ్స్‌కి మార్చేసేది), అప్లై, క్యాన్సిల్, హెల్ప్ అన్నీ ఒకే సైజులో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఓకే నొక్కబోయి డిఫాల్ట్స్ నొక్కేస్తున్నారు. దాంతో ప్రింటర్ 80 ఎంఎం రోల్ నుంచి ఏ4కి మారిపోతోంది, కౌంటర్లో బిల్లు ఆగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఓరుగల్లు కోడర్:
ఆ బటన్లు చేత్తో పేర్చి ఉంటారు అన్నా. అదంతా పీకేసి క్యూటీలోనే ఉన్న క్యూడైలాగ్‌బటన్‌బాక్స్ పెట్టెయ్. ఏ బటన్ పనేంటో చెప్తే చాలు, వరస అదే చూసుకుంటుంది. రిస్టోర్ డిఫాల్ట్స్‌ని ఎడమవైపుకి తోసేసి, మధ్యలో ఖాళీ వదిలి, ఓకే లాంటివి కుడివైపు పెడుతుంది. విండోస్‌లో ఓకే, క్యాన్సిల్, అప్లై. లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈలో ఓకే, అప్లై, క్యాన్సిల్. మ్యాక్‌లో, గ్నోమ్ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్‌లో ఓకే కుడి చివర.

లినక్స్ లక్ష్మి:
అసలు ఓకే, అప్లై దేనికి? గ్నోమ్ సెట్టింగ్స్‌లో స్విచ్ తిప్పగానే అమలైపోతుంది, బటన్ల గొడవే లేదు.

కొట్టు రాజా:
వాడేవాణ్ణి చెప్తున్నా, మాకలా వద్దండీ. జీఎస్టీ 18 కొడుతుంటే 1 దగ్గరే అమలైపోతే ఎలా? పక్క కౌంటర్లో బిల్లులు నడుస్తూనే ఉంటాయి. అప్లై మాత్రం ఉండాలి. మార్జిన్ మార్చి, అప్లై కొట్టి, టెస్ట్ ప్రింట్ తీసి, కుదరకపోతే మళ్లీ మారుస్తాం. ప్రతిసారీ విండో మూసి తెరవాలంటే విసుగు.

లినక్స్ లక్ష్మి:
రేట్ల సంగతి ఒప్పుకుంటా. అయితే రెండు పద్ధతులూ కలపొద్దు. సగం వెంటనే, సగం ఓకే తర్వాత అమలైతే, క్యాన్సిల్ కొట్టినవాళ్లకి ఏది మారిందో ఏది మారలేదో తెలీదు.

కీబోర్డ్ సుబ్బు:
అందరూ మౌస్ గురించే మాట్లాడుతున్నారు. బార్‌కోడ్ స్కానర్ మాటేంటి? చాలా స్కానర్లు కీబోర్డులాగే పనిచేస్తాయి, కోడ్ చివర ఎంటర్ కూడా పంపుతాయి. సెట్టింగ్స్ తెరిచి ఉండగా ఎవరో సబ్బు స్కాన్ చేశారనుకోండి, ఆ ఎంటర్ ఏదో ఒక బటన్‌కి తగులుతుంది. క్యూటీ డైలాగ్‌లో పుష్ బటన్లకి ఆటోడిఫాల్ట్ (ఎంటర్ కొడితే ఆ బటన్ నొక్కుకునే గుణం) మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఫోకస్ (కీలు అందుకునే చోటు) డిఫాల్ట్స్ మీదుంటే నొక్కుకునేది అదే. దానికి ఆటోడిఫాల్ట్ ఆపేయండి. డిఫాల్ట్స్ నొక్కాక ఓ హెచ్చరిక చూపించి, అందులో ఉత్త "సరేనా?" కాకుండా "ప్రింటర్ సెట్టింగ్స్ చెరిపేయి", "వద్దు" అని పెట్టి, ఎంటర్‌ని "వద్దు"కి కట్టండి.

గోదారోడు:
సుబ్బు గారూ, ఇది నాకు తట్టనేలేదు! "మేమేం నొక్కలేదండీ" అన్న కస్టమర్లలో కొందరు నిజమే చెప్పి ఉంటారు. ఈ లోపు బటన్‌బాక్స్ పెట్టి చూశా, వరస బాగుంది. కానీ తెలుగులో పెడితే "వర్తింపజేయి" చివర తెగిపోతోంది, కింద వత్తు సగమే కనిపిస్తోంది.

ఓరుగల్లు కోడర్:
పాత కోడ్‌లో సెట్‌ఫిక్స్‌డ్‌సైజ్ (బటన్ సైజు మారకుండా బిగించేది) ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది, వెతికి తీసెయ్ అన్నా. స్టైల్‌షీట్‌లో (బటన్ల రూపం రాసే చోట) ఎత్తుకేమైనా అంకె పెట్టారేమో కూడా చూడు. కనీస వెడల్పు ఒక్కటి ఇస్తే చాలు, మిగతాది అక్షరాలను బట్టి అదే సాగుతుంది.