బోర్బన్ స్టీవార్డ్ సర్టిఫికెట్: చెయ్యాలా, దండగా?

బార్‌వెనకవాడు: కెంటకీ లూయీవిల్‌లో బార్‌టెండర్‌ని. బోర్బన్ అనే అమెరికన్ విస్కీ గురించి నేర్పే స్టేవ్ అండ్ థీఫ్ సొసైటీ వాళ్ల బోర్బన్ స్టీవార్డ్ కోర్సు చెయ్యమని మేనేజర్ ఒకటే పోరు. ఫీజు మాత్రం నేనే కట్టుకోవాలట. సొంతంగా చదివి ఆన్‌లైన్‌లో పరీక్ష రాసేది ఒకటి, క్లాసులో కూర్చునేది ఇంకోటి. పనికొస్తుందా, గోడకి తగిలించుకోవడానికేనా?

గోదారిగాలి: గోడకే. బోర్బన్ రూల్స్ అమెరికా ప్రభుత్వ నిబంధనల్లోనే ఉన్నాయి, ఫ్రీగా చదువుకోవచ్చు. కనీసం 51 శాతం మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా, పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు, రంగు కలపకూడదు. కెంటకీలోనే చెయ్యాలని కూడా లేదు. ఇంతోటిదానికి బ్యాడ్జా?

పీపాపిచ్చి: నేను క్లాసు చేశాను, అందుకే చెప్తున్నా. మేకర్స్ మార్క్ బోర్బన్‌లో రై అనే ధాన్యం బదులు గోధుమ వేస్తారని ఎవరైనా చదువుతారు, కానీ దాన్నీ రై ఎక్కువున్న బుల్లెట్‌నీ పేర్లు కనపడకుండా పక్కపక్కనే పెడితే ఏది ఏదో చెప్పగలగాలి కదా, అది పక్కన తెలిసినవాళ్లుంటేనే తొందరగా వస్తుంది.

గోదారిగాలి: రెండు సీసాలు కొనుక్కుని, గ్లాసులు తారుమారు చెయ్యమని రూమ్మేట్‌కి చెప్తే సరి. దానికి మాస్టారెందుకు?

పీపాపిచ్చి: సరే, తేడా కొట్టిన సరుకు వాసన ఎక్కడ కొంటారు? 😀

కౌంటర్‌క్క: మీరిద్దరూ ముక్కు దగ్గరే ఆగిపోయారు. బార్‌లో అడిగేవి వేరే. నిన్న ఒకాయన, ‘బాటిల్డ్ ఇన్ బాండ్’కి ఎక్కువెందుకు ఇవ్వాలి అన్నాడు. 1897 నాటి చట్టం, ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్‌లో తీసిన సరుకు, ప్రభుత్వ నిబంధనల కింద ఉండే గోడౌన్‌లో కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్ అని చెప్పా, ఇంకో పెగ్గు కూడా చెప్పాడు. ముందువైపు తాతల కాలం నాటి కథ రాసుండి, వెనకవైపు సన్నక్షరాల్లో ‘డిస్టిల్డ్ ఇన్ ఇండియానా’ అని, అంటే వేరే రాష్ట్రంలో తీసిందని, ఉండే సీసాలున్నాయి చూడండి, సరుకు బాగానే ఉంటుంది, అడిగినప్పుడు మాత్రం తడబడకూడదు. ఇవన్నీ ఒక వరసలో బుర్రకెక్కడానికి కోర్సు పనికొస్తుంది. తమ్ముడూ, ముందు ఆన్‌లైన్‌ది చెయ్యి. క్లాసు కావాలంటే ఫీజు బార్‌నే కట్టమను, పెగ్గులు అమ్ముడైతే లాభం వాళ్లదేగా.

బార్‌వెనకవాడు: థాంక్సక్కా. ‘నీ కెరీర్‌కే మంచిది’ అంటాడేమో.

కౌంటర్‌క్క: అయితే జీతం ఎంత పెంచుతాడో ముందే అడుగు.