అంగన్‌వాడీ పిల్లల కోసం 30,000 రూపాయలు: దేని మీద పెట్టాలి?

ఊరిబడి: మా యువజన సంఘం దగ్గర 30,000 పోగయ్యాయి. ఊరి అంగన్‌వాడీకి 3–6 ఏళ్ల పిల్లలు 22 మంది వస్తారు. బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పిండి) ఇంటికి తీసుకెళ్లే చిన్నవాళ్లు 17 మంది. అంతా కూలి ఇళ్లే, సగం కోయ కుటుంబాలు. కొందరు పిల్లలు బాగా పీలగా ఉన్నారు. ప్రోటీన్ పౌడరు డబ్బాలు, ఏబీసీడీ చార్టులు కొందామనుకుంటున్నాం. సరైనదేనా?

తూకంరాయి: పౌడరు వద్దండీ. తీవ్ర పోషణలోపం ఉన్న బిడ్డకు మొదట్లోనే ప్రోటీన్ దట్టిస్తే ఒళ్లు తట్టుకోలేదు. పీలగా కనిపించడం వేరు, లోపం ఉండటం వేరు. ముందు కొలవండి.

ఆర్నెల్లు దాటి ఐదేళ్లు నిండనివాళ్లకి జబ్బ కొలత టేపు చాలు, అది టీచర్ దగ్గరో ఏఎన్‌ఎం (ఊరికి వచ్చే ప్రభుత్వ నర్సు) దగ్గరో ఉంటుంది. ఎడమ చేయి మోచేతి దగ్గర మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చేయి వదులుగా వేలాడనిచ్చి, ఆ గుర్తు మీద టేపు చుట్టాలి. చర్మం నొక్కుకుపోకూడదు, సందూ ఉండకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్ర లోపం. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, అంటే ఓ మోస్తరు లోపం. ఎక్కువ తప్పులు ఎక్కడంటే, మధ్య గుర్తు పెట్టకుండా కంటి అంచనాతో చుట్టేయడం. ఎరుపు బిడ్డ పసుపులోకి జారిపోయేది అక్కడే.

రెండు పాదాల పైభాగం బొటనవేళ్లతో 3 సెకన్లు నొక్కి చూడండి. రెండింటిలోనూ గుంట పడి నిలిస్తే ఒంటికి నీరు పట్టినట్టే. టేపు ఏ రంగు చూపినా, బరువు ఎంత ఉన్నా, ఆ బిడ్డ ఎరుపు కిందే లెక్క.

కాటా విషయం: కిరాణా కొట్టులోని 2 కిలోల రాయి పెట్టి, ముల్లు సరిగ్గా చూపుతోందో లేదో ప్రతి నెలా చూడండి. కడియాలు, మందం బట్టలు తీసి తూచాలి. రెండేళ్ల లోపువాళ్లను పడుకోబెట్టే పొడవు కొలవాలి. నిలబెడితే 0.7 సెంటీమీటరు తగ్గుతుంది.

డబ్బు విషయానికొస్తే, 17 మంది చిన్నవాళ్లకీ తలా ఒక విడి గిన్నె కొనండి. 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్ అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు. ఇంట్లో అందరూ పంచుకుంటే వారంలో ఐపోతుంది. వేరే గిన్నె ఉంటే బిడ్డ ఎంత తిన్నదీ తల్లికి తెలుస్తుంది. జావ గరిటె నుంచి కారేంత పలచన చేయొద్దు. 8 కిలోల బిడ్డ పొట్ట పట్టేదే ఒకసారికి సుమారు 240 మి.లీ., దాన్ని నీళ్లతో నింపితే శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? ఒక టీ చెంచా నూనె కలిపితే మరో 45 క్యాలరీలు.

చింతపిక్కలు: చార్టులు గోడకు వేలాడతాయంతే. మూడేళ్ల పిల్లల వేళ్లకు పలక మీద ‘అ’ దిద్దే బలం ఇంకా రాదు. బంకమన్ను పిసకడం, కాగితాలు చింపడం, పూసలు గుచ్చడం చేయించండి, ఆ బలం వాటితోనే వస్తుంది. చింతపిక్కలు, కందులు, గులకరాళ్లు వేరుచేయడమే లెక్కలకు మొదలు. ఐతే అక్కడికి తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వస్తారు. మూడేళ్ల లోపువాళ్లు పిక్క నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. ఆట ఐపోగానే లెక్కపెట్టి మూతడబ్బాలో వేసేయాలి.

కోయ పిల్లలు మాట్లాడట్లేదంటే తెలివి లేక కాదు, టీచరమ్మ భాష అర్థం కాక. వారానికి రెండు రోజులు ఒక కోయ అవ్వను పిలిచి కథ చెప్పించండి. ఆ రెండు రోజులూ ఒకే కథ చెప్పాలి, అప్పుడే వాళ్లు తిరిగి చెప్పగలుగుతారు. తర్వాత అదే కథ తెలుగులో. ఆ అవ్వ పోగొట్టుకునే కూలి మీ డబ్బులోంచి ఇవ్వండి, ఇది మాత్రం వదలొద్దు.

ఊరిబడి: కొలిచాం. ఏడాదిన్నర పాప 11.3. నీరు లేదు, జ్వరం లేదు, తింటోంది. తల్లి కూలి మానుకుని ఆసుపత్రిలో ఉండలేనంటోంది. ఏం చేయాలి?

తూకంరాయి: ఈ వారంలోనే ఏఎన్‌ఎంకి చూపించి ఆకలి పరీక్ష (తిండి పెట్టి, బిడ్డ సరిగా తింటోందో లేదో చూడటం) చేయించండి. ఆకలి ఉండి, వేరే జబ్బు లేకపోతే ఊళ్లోనే చూసుకోవచ్చు, 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన పద్ధతీ అదే. వారం వారం తూకం తప్పకూడదు. తిండి మానేసినా, మత్తుగా పడుకున్నా, ఊపిరికి డొక్కలు ఎగరేసినా, తిన్నదంతా కక్కినా అదే రోజు పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి. అక్కడ బిడ్డతో ఉండే తల్లికి భోజనమూ, పోయిన కూలికి పరిహారమూ ఉంటాయి. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.

మరో మాట. మిగతా ఐదేళ్ల లోపు పిల్లలకు ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున ఇస్తారు. ఈ పాపకు డాక్టరు చెప్పేదాకా ఆపండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. ఐతే ఇంత లోపం ఉన్న బిడ్డకు ఓఆర్‌ఎస్ కూడా ఏఎన్‌ఎం చెప్పిన కొలతలోనే పట్టండి.